చందాల పద్దు

ఈ మధ్య నాకు వచ్చే వుత్తరాల్లో వంటలూ, కుట్లూ, పిల్లల దగ్గులూ కాస్త వెనక్కి తగ్గి, కొత్త రకం ప్రశ్న ఒకటి తరచుగా కనిపిస్తున్నది. “ఈ ఓటీటీలకు నెలనెలా పోసే డబ్బు దండగా, కాదా?” అని. కొందరు కోపంగా అడుగుతారు. కొందరు మొహమాటంగా అడుగుతారు. మా వారికి తెలియనివ్వకండి అంటూ అడిగినవారు కూడా లేకపోలేదు. తెనాలి నుంచి ఒక సోదరి మాత్రం ప్రశ్నతోబాటు నెల రోజుల లెక్క కూడా రాసి పంపారు. ఆ లెక్క చూశాక ఈ వారం మరో సంగతి ఎత్తుకోబుద్ధి కాలేదు.

వారింట్లో ఐదుగురు. భర్తగారు ఒక కంపెనీలో పద్దులు చూస్తారు. కొడుకు ఇంజనీరింగు, కూతురు ఇంటరు. అత్తగారికి డెబ్బయ్యెనిమిదేళ్లు. రెండేళ్లనాడు తుంటి ఎముక విరిగింది మొదలు ఆవిడ గది గడప దాటడం గగనమైపోయింది. 2025లో వాళ్లు కట్టిన చందాలు మూడు: నెట్‌ఫ్లిక్సుకి నెలకి 499 రూపాయలు, ప్రైముకి సంవత్సరానికి 1499, జియోహాట్‌స్టార్‌కి సంవత్సరానికి 1499. భర్తగారు కాగితం మీద కూడితే వెరసి 8986 తేలింది. సరిగ్గా అప్పుడే అమ్మాయి కాలేజీ ఫీజు రెండో వాయిదా వచ్చి నెత్తిన కూర్చున్నది. “అన్నీ తీసి పారెయ్యండి. కేబులు వుందిగా, చాలు” అన్నారట ఆయన. పిల్లలు మూతులు ముడిచారు. “మా అత్తయ్యగారికి పొద్దెలా పోతుందోనని నా బెంగ. మీరే తీర్పు చెప్పండి” అని ఆవిడ రాశారు.

ముందుగా ఆ భర్తగారి కోపంలో న్యాయం వున్నదని ఒప్పుకోవాలి. తొమ్మిదివేలంటే మధ్యతరగతి సంసారానికి చిల్లర కాదు. పైగా ఇందులో నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. కలిసే వుంటుంది. అంటే ఆ 8986లో సుమారు 1370 రూపాయలు పన్ను. కాలక్షేపానికి సర్కారుకు సుంకం కట్టడం మనకేమీ కొత్త కాదు లెండి. రేడియో పెట్టుకున్న పాపానికి పోస్టాఫీసుకు వెళ్లి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చిన తరం ఇంకా మన ఇళ్లల్లో వున్నది. ఆ లైసెన్సులు 1980ల నడుమ ఎత్తేశారు. అయితే అప్పటి ఖర్చుకు ఒక గుణం వుండేది. మనిషి లేచి వెళ్లి, వరసలో నిలబడి, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేవాడు. ఇచ్చినట్టు తెలిసేది. ఇప్పటి చందా మనం నిద్రలో వుండగా ఖాతాలోంచి జారిపోతున్నది.

దీన్ని సమర్థించేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. నలుగురు ఒకసారి సినిమాహాలుకి వెళ్లే ఖర్చుతో ఏడాది చందా గడిచిపోతుంది గదా అంటారు. లెక్క తప్పు కాదు. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి వుత్తర్వులో మల్టీప్లెక్సు టిక్కెట్టు పై హద్దు 250 రూపాయలు, పన్ను వేరు. పన్నుతో 295. నలుగురికి 1180. పిల్లలు మక్కపేలాల దుకాణం ముందు నిలబడితే ఆ పైన ఎంతయినా కావచ్చు. అయితే ఈ వాదంలో మెలిక ఒకటుంది. ఆ నలుగురూ నిజంగా హాలుకి వెళ్లడం మానుకున్నారా? మానుకుంటే డబ్బు మిగిలినట్టే. హాలుకీ వెళ్లి, ఇంట్లోనూ చందా కట్టేవారికి ఈ పోలిక దేనికి? సంతలో గేదె చవగ్గా వస్తున్నదని, పాడి అక్కర్లేనివాడు కొనుక్కొచ్చినట్టు వుంటుంది.

అందుచేత నా దృష్టిలో ధర చూడడం రెండో పని. మొదటి పని, ఎవరు ఏమి చూస్తున్నారో చూడడం. తెనాలి సోదరి చేసింది అదే. క్యాలెండరు పక్కన ఒక పాత నోటుపుస్తకం దారంతో వేలాడగట్టి, ఎవరు ఏది చూసినా ఒక ముక్క రాయమన్నారట. భర్తగారు సహా రాశారు. ఆ నెల పుస్తకం ఇలా వుంది.

నెట్‌ఫ్లిక్సు అబ్బాయి చూసింది పందొమ్మిది రోజులు, ఎప్పుడూ మంచం మీద పడుకుని, సెల్‌ఫోనులో. టీవీలో దాన్ని పెట్టింది ఒకే ఒక ఆదివారం. భర్తగారు ఆ నెలలో చూసిన క్రికెట్టు పందాలు రెండు. ప్రైములో అందరూ కలిసి మొదలుపెట్టిన సినిమాలు మూడు, చివరిదాకా కూర్చున్నవి రెండు. (మూడోదానికి ఎదురుగా అమ్మాయి “నాన్న గురక” అని రాసింది.) అత్తగారి పేరు మాత్రం పుస్తకంలో రోజూ వున్నది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు దాకా. పాత సినిమాలూ, ప్రవచనాలూ. ఆ మూడు చందాల్లో దేంట్లోనూ కాదు, యూట్యూబులో!

అంటే ఏ పెద్దావిడ కోసం కోడలుగారు బెంగపెట్టుకున్నారో, ఆవిడ కాలక్షేపానికి ఆ ఇల్లు కానీ కూడా చందా కట్టడం లేదు. హక్కులున్న సంస్థలే పెట్టిన పాత తెలుగు సినిమాలు యూట్యూబులో ఎన్నో వున్నాయి. మధ్య మధ్య ప్రకటనలు వస్తాయి, నిజమే. ప్రకటనలు వచ్చినప్పుడు ఆవిడ మంచినీళ్లు తాగుతారట. ఇంకో సంగతి కూడా చెబుతాను. ప్రసారభారతివారు 2024 నవంబరులో ‘వేవ్స్’ అని ఒక ఓటీటీ పెట్టారు. అందులో చాలా భాగం వుచితమే. పల్లెల్లో వున్నవారికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ వుండనే వున్నది. పెట్టె ఒకసారి కొనుక్కుంటే నెలవారీ రుసుము లేదు. 2004 నుంచి నడుస్తున్నా, చందాల ప్రకటనల హోరులో దాని మాట ఎవరి చెవినీ పడడం లేదు.

ఇక మిగిలిన పద్దుల సంగతి.

ఫోనులో చూసే పిల్లవాడికి 499 రూపాయల చందా దేనికండీ? 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్సువారు మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు నాలుగు మెట్లు పెట్టారు: 149, 199, 499, 649. మొదటిది ఫోనుకీ, టాబ్లెట్టుకీ మాత్రమే, బొమ్మ స్పష్టత తక్కువ. రెండోది టీవీలో కూడా వస్తుంది గాని ఒక్క తెరే. 499 పెడితే ఏకకాలంలో రెండు తెరలు, బొమ్మ ఇంకా స్పష్టం. 649 పెడితే నాలుగు తెరలు, అన్నిటికన్నా మేలిరకం బొమ్మ. అరచేతిలో పట్టే తెరకి మొదటి మెట్టు సరిపోతుంది. ఆ ఒక్క మార్పుతో నెలకి 350, ఏడాదికి 4200 రూపాయలు మిగులుతాయి. ఆ 149 కూడా అబ్బాయిగారి చేతిఖర్చులోంచి వస్తే ఇంకా మంచిదని నా అభిప్రాయం. సొంత డబ్బు పెట్టి కొన్న సినిమాను మనిషి కాస్త శ్రద్ధగా చూస్తాడు. శ్రద్ధగా చూస్తే తొందరగా విసుగు పుడుతుంది. అదీ మంచిదే.

క్రికెట్టుకి ఏడాది పొడుగునా చందా కట్టడం, మామిడిపళ్ల కోసం ఏడాదంతా తోట కౌలుకి తీసుకున్నట్టు. ఐ.పి.ఎల్. పందాలు రెండు నెలల పైచిలుకు. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకి 299 రూపాయల చందా ఒకటి వుండేది. టీవీలో చూడవచ్చు, ప్రకటనలు వుంటాయి. భర్తగారు ఆ మూడు నెలలు కట్టి వూరుకుని వుంటే 1200 మిగిలేది. ఈ ధరలు స్థిరంగా వుండేవి కావు. కట్టేముందు అప్పటికి ఎంత వున్నదో చూసుకోవలసిందే. ధర మారినా లెక్క చేసే పద్ధతి మారదు.

అన్ని వేళలా విడి నెలలే లాభమనుకుంటే అదీ పొరపాటు. ప్రైము నెలకి 299, సంవత్సరానికి 1499 వుండగా, ఐదు నెలలు విడిగా కడితే 1495 అవుతుంది. ఐదు నెలలకి మించి చూసే ఇల్లయితే ఏడాదికి కట్టడమే నయం. సామాను తెప్పించుకునే సదుపాయం దానికి అదనం. అయితే 2025 జూన్ 17 నుంచి వారు కూడా సినిమాల నడుమ ప్రకటనలు పెట్టారు. అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699 చెల్లించమన్నారు. టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్నాక, పళ్లపొడి స్లైడు వెయ్యకుండా వుండాలంటే ఇంకో అర టిక్కెట్టు కొనమన్నట్టున్నది. నా మటుకు నేను ఆ 699 కట్టమని ఎవరికీ చెప్పను.

మరి కేబులు? దాన్ని ఓటీటీతో పోల్చి “చాలు” అన్నారు గదా ఆ భర్తగారు. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు వంద ఛానళ్ల వరకు మూలరుసుము గరిష్ఠంగా 130, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆపైన డబ్బు ఛానళ్లు ఎంచుకున్నకొద్దీ పెరుగుతుంది. వారింట్లో కేబులు బిల్లు నెలకి మూడు వందలు దాటుతున్నదని సోదరి రాశారు. నోటుపుస్తకంలో కేబులు కాలం తీసి చూశాను. సాయంత్రం వార్తలు, రెండు సీరియళ్లు. అందుకు ఏడాదికి 3600 పైమాటే. దాన్ని ఎవరూ దండగ అనలేదు, అది పాతది కనుక. పాత ఖర్చుకి ఇంటి మనిషి మర్యాదా, కొత్త ఖర్చుకి దొంగ మర్యాదా మనవాళ్లు చేస్తూనే వుంటారు. కేబులువారి నుంచి వచ్చే జాబితా తెప్పించి, ఎన్నడూ చూడని ఛానళ్లు కొట్టివేయమని ఆయనకి నా మాటగా చెప్పండి.

ఇన్ని చెప్పినా అసలు తంటా వేరే వున్నది. సినిమా ఒకటే అయినా దుకాణాలు అనేకం. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న హాళ్లలో విడుదలై, మే 20న ఇళ్లలోకి వచ్చింది. తెలుగు బొమ్మ జీ5లో, హిందీ బొమ్మ నెట్‌ఫ్లిక్సులో! నెట్‌ఫ్లిక్సుకి చందా కట్టిన తెలుగువాడు, తెలుగువాళ్లు తీసిన సినిమాని హిందీలో చూసుకోవలసి వచ్చింది. తెలుగు కోసమే ప్రత్యేకంగా 2020లో మొదలైన ‘ఆహా’ వుంది, ఈటీవీ విన్ వుంది, సన్ నెక్స్ట్ వుంది. ఒక్కో బొమ్మ వెనకాల ఒక్కో దుకాణానికి పరుగెత్తేవాడికి చందాలు ఎన్ని కట్టినా చాలవు. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరు 17న హాళ్లకి వచ్చి, మూడు వారాలకే, జనవరి 7న ప్రైములో కనిపించింది. ఇంత తొందరగా వస్తుంటే, ఆగలేకపోవడమన్నది మనం కొత్తగా నేర్చుకున్న జబ్బేమో అనిపిస్తుంది. వూళ్లోకి బొమ్మ రావడానికి మూడు నెలలు ఎదురుచూసిన జనం మనం. ఒక దుకాణానికి మూడు నెలలు కట్టి, చూడాలనుకున్నవన్నీ చూసి, దాన్ని ఆపి, తరవాత ఇంకోదానికి కడితే ఏ బొమ్మా ఎక్కడికీ పారిపోదు. ఇది చాలా ఇళ్లకి నప్పే వుపాయమని నా నమ్మకం.

అన్నగారి చందా మీద తమ్ముడూ, అమెరికాలో వున్న కూతురి చందా మీద విజయవాడలో తల్లిదండ్రులూ చూసుకునే వెసులుబాటు కొన్నాళ్లు నడిచింది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్సువారు మన దేశంలోనూ దానికి అడ్డుకట్ట వేశారు. ఒక చందా ఒక ఇంటికే నన్నారు. ఇక దొంగ సైట్ల దారి సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ వుచితం పేరుతో జూదం ప్రకటనలు పిల్లల కళ్లపడతాయి. ఆ కారణం ఒక్కటి చాలు నాకు, వద్దనడానికి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండు లేనివారు మరొకటి గమనించాలి. స్పష్టమైన హెచ్.డి. బొమ్మకి గంటకి మూడు జీబీల దాకా ఖర్చవుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ పథకం వేసుకున్న ఫోనులో రెండున్నర గంటల సినిమా అలా చూడబోతే ఇంటర్వెల్లు కూడా పడకుండానే కోటా అయిపోతుంది. అటువంటివారికి చందా కన్న డేటా బరువే ఎక్కువ.

ఇక తెనాలి నోటుపుస్తకంలో నేను ఇంతవరకు చెప్పని వరస ఒకటున్నది. అది వుత్తరం రాసిన సోదరిది. నెల మొత్తానికి నాలుగు రాత్రులు. పది దాటాక, వంటిల్లు సర్దుకుని, అత్తగారికి మందు వేసి, తలుపు గడియ పెట్టుకున్నాక. చూసింది ఒకే ఒక సినిమా, నాలుగు ముక్కలుగా: ప్రైములో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’. 2020లో హాలు మొహం చూడకుండా నేరుగా ఓటీటీలోకి వచ్చిన బొమ్మ. కొలకలూరు నుంచి వెళ్లి గుంటూరులో హోటలు పెట్టాలనుకునే కుర్రాడి కథ. కొలకలూరంటే తెనాలికి కూతవేటు దూరం. “తెలిసిన వూరు గదా అని పెట్టానండీ. ఎవరూ లేపకుండా, నీళ్లు తెమ్మనకుండా గంటసేపు కూర్చోవడం ఎన్నాళ్లకో” అని పక్కన చిన్నక్షరాలతో రాశారు. ప్రశ్నలో మాత్రం తన సంగతి ఒక్క ముక్క లేదు. అత్తయ్యగారి బెంగ, పిల్లల అలక, వారి కోపం, ఇవే.

పొదుపు అనే మాట ఇంట్లో వినిపించగానే ముందుగా కోత పడేది ఇటువంటి వరస మీదే. దానికి గొంతు లేదు గనుక. పిల్లవాడు అలుగుతాడు, మగవారు కేక వేస్తారు, పెద్దవారు నిట్టూరుస్తారు. నెలకి నాలుగు గంటలు చూసే మనిషి “నాకేం ఫరవాలేదులెండి” అంటుంది. గంటల లెక్కన చూస్తే ఆ ఇంట్లో ప్రైము చందా అబ్బాయి నెట్‌ఫ్లిక్సుకన్న దండగగానే కనబడుతుంది. నేను మాత్రం అలా లెక్కించను. 1499ని పన్నెండుతో భాగిస్తే నెలకి 125. ఆ పైకంతో ఇంటిల్లిపాదికీ రెండు సినిమాలూ, ఒక గురకా వచ్చాయి. అవి తీసేసి, ఆ నాలుగు రాత్రులకే మొత్తం కట్టినా, రాత్రికి ముప్పయి రూపాయల పైచిలుకు. సంసారంలో ఇంతకన్న చవకగా దొరికే విశ్రాంతి నాకు కనిపించలేదు.

కాబట్టి, సోదరీ, నా తీర్పు ఇది. నెట్‌ఫ్లిక్సు 149కి దించండి. క్రికెట్టు మూడు నెలలకి కుదించండి. ప్రైము వుంచండి, మీ పేర వుంచండి. మీరు పంపిన అంకెల ప్రకారం 1788, 299, 1499 కలిపి 3586 అవుతుంది. మిగిలే 5400 అమ్మాయి ఫీజులో జమ చేయండి. వాయిదా అంతా తీరకపోవచ్చు గాని, మోయవలసిన బరువు సగంలో సగమైనా తేలికవుతుంది. అత్తగారి యూట్యూబు జోలికి ఎవరినీ పోనివ్వకండి.

చందా ఆపడం ఎలాగని నాకు వేరే వుత్తరాలు కూడా వచ్చాయి. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. ఆగదు. యాప్ పోతుంది, డబ్బు పోతూనే వుంటుంది. ఖాతా పేజీలోకి వెళ్లి రద్దు చేయాలి. యూపీఐ ద్వారా కట్టినవారికి ఆ యాప్‌లోనే ఆటోపే అనే చోట తాము ఇచ్చిన అనుమతులన్నీ కనబడతాయి, అక్కడే ఆపుకోవచ్చు. రద్దుచేసే మీట దొరక్కుండా దాచిపెట్టడం, చేరడం సులువు చేసి విడిపోవడం కష్టం చేయడం వంటి టక్కులను కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఎవరైనా అలా సతాయిస్తే 1915కి ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

రిజర్వు బ్యాంకువారి నియమం మరొకటి 2021 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. కార్డు మీదగాని, యూపీఐ మీదగాని తనంతట తాను కోత పడే చందాకి కనీసం ఇరవై నాలుగు గంటల ముందు బ్యాంకు నుంచి కబురు రావాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపవచ్చు. ఆ కబురు ఇప్పుడు చాలా ఇళ్లల్లో మగవారి ఫోనుకి వెళుతున్నది. వారు ఆఫీసు హడావిడిలో చూడకుండానే తుడిచేస్తున్నారు. తెనాలిలో ఆ నోటుపుస్తకం ఎవరి చేతిలో వున్నదో, కబురు కూడా ఆ ఫోనుకే వచ్చేలా నంబరు మార్పించమని భర్తగారిని అడగండి. బ్యాంకులో ఒక కాగితం రాసిస్తే అయ్యే పని.